మోచేతి మీది పొక్కు, పేగులోని జబ్బు

(యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో మోర్ధానాలో చేసిన ఉపన్యాసం)



సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఆయన ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుజబ్బు కొద్ది రోజుల తేడాలో పొట్టన పెట్టుకుంది. అదే జబ్బు ఆయననూ మంచాన పడేస్తే, మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డారు. ఆ తరువాత అమెరికా వెళ్ళారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. తన అన్నదమ్ములను మింగిన స్ప్రూకు అదే మందుగా పనికొచ్చింది. 1948లో ఆయన కన్నుమూశారు. ఇంటి దుఃఖం నుంచి ప్రపంచానికంతా పనికొచ్చే మందు తీసిన మనిషిని తలుచుకునే రోజున, పేగుకు సంబంధించిన జబ్బు గురించే మాట్లాడాలని నాకు అనిపించింది. నేను చర్మవైద్యం చేసేవాణ్ణి కాబట్టి, పేగులో పుట్టి చర్మం మీద బయటపడే జబ్బును ఎంచుకున్నాను. దాని పేరు డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్. నోరు తిరగని పేరు కనుక, దాన్ని మొదట విడిగా గుర్తించిన వైద్యుడి పేరుతో డూరింగ్ జబ్బు అంటాను. వైద్యపుస్తకాల్లోనూ ఆ పేరు ఉంది.

లూయీ డూరింగ్ ఫిలడెల్ఫియాలో చర్మవైద్యుడు. 1884లో ఆయన ఈ జబ్బును తక్కిన పొక్కుల జబ్బుల నుంచి వేరుచేసి రాశారు. పేరులో హెర్పిస్ వినిపిస్తుంది గాని, ఆ వైరస్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు. ఇది అంటుకోదు. ఒకరి తువాలు ఒకరు వాడితే రాదు. భార్యాభర్తల మధ్య పాకదు. ఈ మాట మొదటే చెప్పడానికి కారణం ఉంది. చర్మం మీద ఏది కనిపించినా ముందు కంచమూ మంచమూ వేరుచేసే అలవాటు మన ఇళ్ళలో ఇంకా పోలేదు.

ఇక జబ్బు తీరు. సాధారణంగా ముప్పై, నలభై ఏళ్ళ వయసులో మొదలవుతుంది. ఆడవాళ్ళలో కన్నా మగవాళ్ళలో కొంచెం ఎక్కువ. రెండు మోచేతుల వెనుక, రెండు మోకాళ్ళ మీద, పిరుదుల మీద, నడుము కింద, మెడ వెనుక, తలలో చిన్న చిన్న నీటిపొక్కులు గుంపులుగా లేస్తాయి. ఒక పక్క ఎలా ఉంటే రెండో పక్కా దాదాపు అలాగే. పొక్కు లేవడానికి కొన్ని గంటల ముందే అక్కడ మంట, చురచుర మొదలవుతుంది. ఆ దురద మామూలు దురద కాదు. దూలగొండి కాయ నూగు ఒళ్ళంతా రాసుకున్నట్టు ఉంటుంది. మనిషి గోకకుండా ఉండలేడు. గోకితే పొక్కు పగులుతుంది, నీరు కారుతుంది, అప్పుడు కాస్త ఉపశమనం. అందుకే వైద్యుడి దగ్గరికి వచ్చేసరికి పొక్కు అనేది కనిపించదు. గోటి గీతలు, పెచ్చులు, పాత మచ్చలు, అంతే. పొక్కుల జబ్బు అని పేరు పెట్టుకుని పొక్కులే కనిపించని జబ్బు ఇది. ఇక్కడే సగం మంది వైద్యుల చెయ్యి దాటిపోతుంది.

ఈ ప్రాంతంలో ఆ మనిషి ప్రయాణం ఎలా సాగుతుందో ఇక్కడున్న వైద్యులకు తెలుసు. మొదట మందుల అంగడిలో ఒక ట్యూబు. అందులో స్టెరాయిడ్, బూజుమందు, యాంటీబయాటిక్ మూడూ కలిపి ఉంటాయి. నాలుగు రోజులు తగ్గినట్టు ఉంటుంది, మళ్ళీ లేస్తుంది. తరువాత గజ్జి అని ఇంటిల్లిపాదికీ ఒళ్ళంతా మందు పూస్తారు. తరువాత తామర అంటారు. ఆపైన ఒంటికి పడనిది ఏదో తిన్నావని వంకాయ, గోంగూర, చేపలు, గుడ్లు ఒక్కొక్కటే మాన్పిస్తారు. అన్నీ మానిన మనిషి పొద్దున్నే రవ్వ ఉప్మా, రాత్రి చపాతీ తింటూ ఉంటాడు. మానాల్సినది ఒక్కటే, అది మాత్రం కంచంలో అలాగే ఉంటుంది.

గజ్జికీ దీనికీ తేడా చెప్పడం పెద్ద కష్టం కాదు. గజ్జి వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ, మర్మాంగాల మీద మొదలవుతుంది. ఇంట్లో ఒకరికి వస్తే నలుగురికి పాకుతుంది. డూరింగ్ జబ్బు మోచేయి, మోకాలు వంటి బయటి ఒంపుల మీద కూర్చుంటుంది. ఇంట్లో ఒక్కరే గోక్కుంటూ ఉంటారు. గజ్జిమందు రెండుసార్లు సరిగ్గా పూసినా తగ్గలేదంటే మూడోసారి అదే మందు రాయడం మానేసి మరో దారి ఆలోచించాలి.

ఇంతవరకూ పుస్తకాల్లో ఉన్న మామూలు రూపం చెప్పాను. ఈ రోజు నేను అసలు చెప్పదలచుకున్నది ఈ జబ్బు వేసే ఇతర వేషాల గురించి.

మొదటిది వేళ్ళ మీది రక్తపు చుక్కలు. అరచేతి వైపు, ముఖ్యంగా వేళ్ళ కొసల్లో, గుండుసూది మొన అంతటి ఎర్రటి, ఊదా రంగు చుక్కలు లేస్తాయి. నొక్కితే మాయం కావు, ఎందుకంటే అవి చర్మంలోకి చిమ్మిన రక్తం. కొందరికి అరికాళ్ళలోనూ వస్తాయి. పిల్లల్లో ఈ లక్షణం ఎక్కువ చూస్తాం, పెద్దల్లోనూ ఉంటుంది. ఎక్కువగా వాడే చేతిమీద, అంటే కుడిచేతివాటం వాళ్ళకు కుడిచేతిమీద, ఎక్కువ కనిపించడం మామూలు. గుడియాత్తంలో మగ్గం మీద లుంగీలు నేసే చేతులు ఎన్ని ఉన్నాయి, అగ్గిపెట్టెల పని చేసే చేతులు ఎన్ని ఉన్నాయి! ఆ చేతి మీద నాలుగు ఎర్రచుక్కలు కనిపిస్తే అది పని వల్ల వచ్చిన దెబ్బే అని ఎవరైనా అనుకుంటారు. చాలాసార్లు అదే నిజం కూడా. రక్తనాళాల వాపు వల్ల, ప్లేట్‌లెట్లు తగ్గడం వల్ల, గుండె కవాటాలకు పట్టిన ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా ఇలాంటి చుక్కలు వస్తాయి, అవి కావని ముందు తేల్చుకోవాలి. అవేవీ కాక, అదే మనిషి మోచేతులు కూడా గోక్కుంటూ ఉంటే, చొక్కా చెయ్యి పైకి మడవమని అడగండి. వేలికొస చూసిన కంటితోనే మోచెయ్యి చూడాలి. నన్నడిగితే ఈ జబ్బు అసాధారణ లక్షణాల్లో వైద్యుడు తప్పకుండా గుర్తుపెట్టుకోవలసినది ఇదే. కొందరిలో ఇదే మొదటి ఆనవాలు.

రెండోది దద్దుర్ల రూపం. పొక్కులు లేకుండా ఉబ్బెత్తు దద్దుర్లు మాత్రమే లేస్తాయి. మామూలు దద్దురు ఒక్కొక్కటీ ఇరవై నాలుగు గంటల్లో మచ్చ లేకుండా పోతుంది. ఇది రోజుల తరబడి అక్కడే ఉంటుంది, అలర్జీ మాత్రకు లొంగదు. మూడోది గట్టి బుడిపెల రూపం. ఏళ్ళ తరబడి గోకిన చోట చర్మం దళసరెక్కి, సెనగగింజంత గట్టి గడ్డలుగా మారుతుంది. అప్పుడు అసలు జబ్బు ఆ గడ్డల కింద దాక్కుంటుంది. దీర్ఘకాలపు తామరలాగా దళసరి పొలుసు కట్టడం ఇంకొకటి. కాళ్ళ మీద రక్తనాళాల వాపులాగా ఊదా మచ్చలు రావడం, అరచేతుల్లో ఉలిపిరికాయల్లాంటి గట్టి బొడిపెలు రావడం, నోటి లోపల పుళ్ళు లేవడం అరుదుగా వైద్యపత్రికల్లో నమోదయ్యాయి. కొందరికి తలలో మాత్రమే వస్తుంది, చుండ్రు అనుకుని షాంపూలు మారుస్తూ ఉంటారు. మరికొందరికి చూడడానికి ఏమీ ఉండదు, ఉత్త దురదే. ఆ మనిషిని చుట్టూ ఉన్నవాళ్ళు మనసు జబ్బు అంటారు. ఏమీ కనిపించలేదు కాబట్టి ఏమీ లేదని తేల్చేయడం వైద్యం కాదు.

మన చర్మపు రంగు సంగతి కూడా చెప్పాలి. ఈ జబ్బు బొమ్మలు పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా తెల్లవాళ్ళ చర్మం మీద తీసినవి. ఎర్రటి మచ్చ, దాని మీద మెరిసే పొక్కు. చామనఛాయ, నలుపు చర్మం మీద ఆ ఎరుపు కనిపించదు. ముదురు గోధుమరంగుగానో ఊదాగానో ఉంటుంది. మానిన చోట నల్లమచ్చలు, కొన్నిచోట్ల తెల్లబడిన మచ్చలు మిగులుతాయి. పుస్తకం చూసి నేర్చుకున్న కుర్ర డాక్టరు ఎరుపు కోసం వెతుకుతాడు, దొరకదు. మన వైద్యకళాశాలలు మన చర్మం మీది ఫొటోలతో పాఠం చెప్పాలని నేను గట్టిగా కోరుతున్నాను.

పళ్ళు కూడా చూడండి. చిన్నప్పుడే గోధుమ పడని పేగు ఉన్నవాళ్ళలో శాశ్వత దంతాల పింగాణీ మీద అడ్డగీతలు, గుంటలు, రంగు తేడాలు ఉండవచ్చు. మన ప్రాంతంలో నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల కూడా పళ్ళు గారపట్టి గుంటలు పడతాయి కాబట్టి, ఒక్క పళ్ళను చూసి ఏదీ తేల్చకూడదు. తక్కిన లక్షణాలతో కలిసి ఉన్నప్పుడే దానికి విలువ.

మోచేతికీ గోధుమకూ సంబంధం ఏమిటని మీరు అడుగుతారు. ఈ ముడి విప్పడానికి వైద్యులకు ఎనభై ఏళ్ళకు పైగా పట్టింది.

గోధుమ, బార్లీ, రై గింజల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండి సాగేది దానివల్లే. కొందరిలో, పుట్టుకతో వచ్చిన కొన్ని జన్యువుల వల్ల, ఈ గ్లూటెన్‌ను శరీరపు రక్షణవ్యవస్థ శత్రువుగా చూస్తుంది. ఆ పోరులో దెబ్బతినేది సొంత చిన్నపేగే. పేగు లోపలి గోడ మీద ఆహారాన్ని పీల్చుకునే సన్నని చూషకాలు అరిగి చదునైపోతాయి. దీన్ని సీలియాక్ జబ్బు అంటారు. నెదర్లాండ్స్‌లో విల్లెం డికె అనే పిల్లల వైద్యుడు 1944-45 చలికాలపు కరువులో రొట్టె దొరకనప్పుడు ఈ పిల్లలు కోలుకోవడం, రొట్టె మళ్ళీ రాగానే జబ్బు తిరగబెట్టడం గమనించారు. గోధుమ మీద ఆయన అనుమానం అప్పటికే ఉంది. 1950లో దాన్ని సిద్ధాంత గ్రంథంగా రాశారు.

చర్మం కథ వేరే దారిలో నడిచింది. 1966లో ఇంగ్లండులో మార్క్స్, షూస్టర్, వాట్సన్ అనే వైద్యులు డూరింగ్ జబ్బు ఉన్నవాళ్ళ పేగు ముక్క తీసి చూస్తే, అక్కడా సీలియాక్ మార్పులే కనిపించాయి. ఆ రోగుల్లో చాలామందికి కడుపులో ఏ బాధా లేదు. విరేచనాలు లేవు, ఉబ్బరం లేదు. పేగు లోలోపల అరుగుతోంది, ఫిర్యాదు చేసింది చర్మం మాత్రమే. 1969లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ డెర్ మీర్ చర్మం పైపొర కింద ఐజీఏ అనే యాంటీబాడీ నలకలు నలకలుగా పేరుకుని ఉండడం చూపించారు. 1973లో లండన్‌లో లయనెల్ ఫ్రై బృందం గ్లూటెన్ మాన్పిస్తే చర్మం శుభ్రపడుతుందని రుజువు చేసింది. 2002లో మిక్లోష్ శార్డీ బృందం ఆ ఐజీఏ దేనిమీద గురిపెడుతుందో పట్టుకుంది. అది చర్మంలో ఉండే ట్రాన్స్‌గ్లుటామినేజ్ 3 అనే ఎంజైము. పేగులో ఉండే ట్రాన్స్‌గ్లుటామినేజ్ 2కు అది తోబుట్టువులాంటిది. పేగులో మొదలైన పోరు ఒక మాంసకృత్తు నుంచి దాని పోలికలున్న మరో మాంసకృత్తుకు పాకి, చర్మందాకా వస్తుందని ఇప్పటి అవగాహన.

నిర్ధారణ ఎలా చెయ్యాలో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మంచి ఆసుపత్రుల్లోనూ ఇక్కడ పొరపాటు జరుగుతుంది. పొక్కు ఉన్నచోట చర్మం కోసి పరీక్షకు పంపితే, అక్కడ ఐజీఏ దొరక్కపోవచ్చు. పొక్కు లేచిన వాపులో ఆ నలకలు చెదిరిపోతాయి. మామూలు సూక్ష్మదర్శిని పరీక్షకు ఒక కొత్త పొక్కు ముక్క, ఇమ్యునోఫ్లోరొసెన్స్ పరీక్షకు పొక్కు పక్కన మామూలుగా కనిపిస్తున్న చర్మం ముక్క, రెండూ వేర్వేరుగా తియ్యాలి. ఆ రెండో ముక్కను ఫార్మలిన్‌లో వెయ్యకూడదు. దానికి వేరే ద్రావణం ఉంది, అందులో పంపాలి. ఫార్మలిన్‌లో వేస్తే పరీక్ష పాడవుతుంది. సరిగ్గా పంపినప్పుడు ప్రయోగశాలలో చీకటిగదిలో ఆ ముక్కను చూస్తే, చర్మపు పైపొర కిందికీ మీదికీ ఒంపులు తిరిగే చోట, ఆ ఒంపుల శిఖరాల్లో ఆకుపచ్చని చుక్కలు మెరుస్తూ కనిపిస్తాయి. రోగి ఎన్ని ఏళ్ళు గోక్కున్నాడో, ఎంతమంది గజ్జి అన్నారో వాటికి సంబంధం లేదు. ఆ పచ్చచుక్కలు ఉంటే జబ్బు ఖాయం. ఆ చుక్కలు చుక్కలుగా కాక సన్నని గీతలా ఉంటే అది వేరే జబ్బు, దానికి గోధుమతో లంకె లేదు.

రక్తపరీక్షలో ట్రాన్స్‌గ్లుటామినేజ్ యాంటీబాడీలు చూస్తాం. ఈ పరీక్షలన్నిటికీ ఒక షరతు ఉంది. ఎవరో చెప్పారని, ఫోనులో చూశామని ముందే గోధుమ మానేసి పరీక్షకు రావద్దు. కొన్ని నెలలు మానేస్తే రక్తంలో యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు బాగుపడడం మొదలవుతుంది, జబ్బు ఉందో లేదో తేల్చడం కష్టమవుతుంది. ముందు పరీక్ష, తరువాత పథ్యం.

వైద్యంలో రెండు భాగాలు ఉన్నాయి, ఒకటి మందు, ఒకటి తిండి. మందు సంగతికి వస్తే ఈ నేలతో దానికి పాత చుట్టరికం ఉంది.

ఆ మందు పేరు డాప్సోన్. 1908లో జర్మనీలో ఫ్రోమ్, విట్‌మన్ అనే రసాయనశాస్త్రజ్ఞులు తయారుచేశారు. అప్పుడు దానికి వైద్యంలో ఏ ఉపయోగమూ తెలియదు. 1940లలో కుష్ఠువ్యాధికి పనికొస్తుందని తేలింది. మన దేశంలో దాన్ని నూనెలో కలిపి ఇంజెక్షన్‌గా 1946లో మొదలుపెట్టినవారు రాబర్ట్ కోక్రేన్, చెంగల్పట్టు లేడీ విల్లింగ్డన్ కుష్ఠు శానటోరియంలోనూ వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలోనూ పనిచేసిన వైద్యుడు. 1955లో కాట్పాడి దగ్గర కరిగిరిలో షెఫలిన్ కుష్ఠు పరిశోధనా శానటోరియం తెరుచుకుంది. అక్కడి ఆరోగ్య కార్యకర్తలు గుడియాత్తం తాలూకా ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగి, చర్మం మీది పాలిపోయిన మచ్చలు వెతికి, మాత్రలు పంచారు. 1980ల నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మూడు మందుల చికిత్సలోనూ డాప్సోన్ ఒకటి. ఈ తాలూకాలో కొన్ని తరాలకు ఆ మాత్ర ముఖపరిచయం ఉంది.

అదే డాప్సోన్ 1950ల మొదట్లో డూరింగ్ జబ్బుకూ దొరికింది. అంతకు ముందు 1940లో అమెరికాలో కాస్టెల్లో అనే వైద్యుడు సల్ఫాపిరిడిన్‌తో ఫలితం చూశాడు, డాప్సోన్ దానికన్నా బాగా పనిచేసింది. రెండు జబ్బుల్లో దాని పని వేర్వేరు. కుష్ఠులో అది క్రిమి తన ఫోలిక్ ఆమ్లం తాను తయారుచేసుకోకుండా అడ్డుపడుతుంది. అంటే సుబ్బారావు గారు మనిషికి అందించిన ఆ పోషకాన్నే ఇది క్రిమికి అందకుండా చేస్తుంది. డూరింగ్ జబ్బులో క్రిమి లేదు. చర్మంలోకి దండెత్తి వచ్చే న్యూట్రోఫిల్ అనే తెల్లకణాల దూకుడును అది తగ్గిస్తుంది. ఫలితం ఎంత త్వరగా కనిపిస్తుందంటే, ఏళ్ళ తరబడి రాత్రి నిద్ర లేని మనిషి రెండు మూడు రోజుల్లో తెల్లవారేదాకా పడుకుంటాడు.

ఇప్పుడు ఒక్కసారి ఆ మనిషి ఇంటికి వెళ్ళండి. చీటీ మీద డాప్సోన్ అని ఉంది. ఇంట్లో పెద్దామె ఆ పేరు చదివించుకుని గుర్తుపడుతుంది. పెద్దరోగం మాత్ర కదా ఇది అంటుంది. ఆ మాట బయటికి పొక్కితే పెళ్ళి సంబంధం తప్పిపోవచ్చు, పనిలోకి రావద్దనవచ్చు. భయపడి మందు కాలవలో పారేసేవాళ్ళు ఉంటారు. కాబట్టి వైద్యుడు చీటీ రాసిన చేత్తోనే రెండు మాటలు విడమరచి చెప్పాలి. కుష్ఠు మచ్చ మీద స్పర్శ పోతుంది, గుచ్చినా తెలియదు. ఇది దానికి పూర్తిగా తలకిందులు, దురద భరించలేనంత. ఇక కుష్ఠు విషయంలోనూ చెప్పవలసింది ఉంది. అది కూడా మందుతో పూర్తిగా నయమయ్యే జబ్బు. మందు మొదలుపెట్టాక అంటించే శక్తి త్వరగా పోతుంది. ఒక జబ్బు మీది అపోహ తీయడానికి ఇంకో జబ్బువాళ్ళను కించపరచకూడదు. ఇది కుష్ఠు కాదు కాబట్టి భయం లేదు అనే ధైర్యం చెప్పడం తప్పు దారి. రెంటిలోనూ భయం అక్కర్లేదు అని చెప్పాలి.

డాప్సోన్‌ను మంచినీళ్ళలా మింగే మందు అనుకోవద్దు. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్నవాళ్ళలో అది ఎర్రకణాలను పగలగొట్టి రక్తం పడిపోయేలా చేస్తుంది, కాబట్టి ముందు ఆ పరీక్ష చేయించాలి. ఆ ఎంజైము బాగున్నవాళ్ళలోనూ ఎర్రకణాలు కొంత పగులుతాయి. మొదటి వారాల్లో మళ్ళీ మళ్ళీ రక్తం చూడాలి. పెదాలు, గోళ్ళు నీలిరంగుకు తిరిగితే వెంటనే చెప్పాలి. మొదటి రెండు నెలల్లో జ్వరం, ఒళ్ళంతా దద్దుర్లు, కామెర్లు వస్తే మందు ఆపి ఆసుపత్రికి పరుగెత్తాలి. అది ప్రాణాంతకం కావచ్చు. ఆ ముప్పు ఎవరికి ఎక్కువో చెప్పే హెచ్‌ఎల్‌ఏ-బీ 13:01 అనే జన్యువును చైనా వైద్యులు 2013లో గుర్తించారు. ఎర్రకణాలు పగిలేచోట శరీరం కొత్తవి కట్టుకోవాలి, దానికి ఫోలిక్ ఆమ్లం ఎక్కువ కావాలి. అరిగిన పేగు ఫోలిక్ ఆమ్లాన్ని అసలే తక్కువ పీల్చుకుంటుంది. అందుకే డాప్సోన్ పక్కనే ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా చాలామంది వైద్యులు రాస్తారు. ఐదు మిల్లీగ్రాముల ఆ చిన్న మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడు భీమవరం మనిషిని తలుచుకోండి.

డాప్సోన్ దురద ఆపుతుంది, పేగును బాగుచేయదు. చర్మంలోని ఐజీఏను కరిగించదు. మాత్ర మానిన రెండు రోజులకే దురద తిరిగి వస్తుంది. పేగునూ చర్మాన్నీ కలిపి నయం చేసేది గ్లూటెన్ లేని తిండి ఒక్కటే. అది నెమ్మది మందు. చర్మం పూర్తిగా లొంగడానికి నెలలు, ఒక్కోసారి రెండేళ్ళు పట్టవచ్చు. అంతవరకూ డాప్సోన్ తోడుగా ఉండి, మెల్లగా తగ్గి, చివరికి చాలామందిలో అక్కర్లేకుండా పోతుంది. పేగును వదిలేస్తే రక్తహీనత, ఎముకల బలహీనత వస్తాయి, అరుదుగా చిన్నపేగులో లింఫోమా అనే కేన్సరు కూడా వస్తుంది. థైరాయిడ్ జబ్బు కూడా వీళ్ళలో ఎక్కువ కాబట్టి దాన్నీ చూడాలి.

గ్లూటెన్ లేని తిండి అనగానే ఢిల్లీలోనో హర్యానాలోనో ఇంటికి పిడుగు పడ్డట్టు ఉంటుంది. మోర్ధానాలో అలా ఉండదు. అన్నం, రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, పప్పు, పచ్చడి, ఇడ్లీ, దోసె, సజ్జ రొట్టె, కొర్రన్నం, వీటిలో ఒక్కదానిలోనూ గ్లూటెన్ లేదు. మన తాతలు తిన్నది తింటే సరిపోతుంది. ఖరీదైన డబ్బా తిండి కొనాల్సిన పని లేదు. అయితే దాగి ఉన్న గోధుమను పట్టుకోవాలి. ఉప్మా రవ్వ గోధుమే, సేమియా ఎక్కువగా గోధుమే, మైదా గోధుమే. ఆంబూరు బిరియానీలో గ్లూటెన్ ఉండకపోవచ్చు గాని, పక్క అంగట్లో పరోటాలో పూర్తిగా అదే. బజారులో దొరికే ముద్ద ఇంగువలో జిగురుతో పాటు మైదా కలుపుతారు. కాబట్టి సాంబారు, రసం, పచ్చళ్ళకు బియ్యప్పిండి కలిపిన ఇంగువ చూసుకుని కొనాలి. బలానికని రోగికి కలిపి ఇచ్చే హార్లిక్స్ లాంటి మాల్టు పొడుల్లో బార్లీ, గోధుమ రెండూ ఉంటాయి. జ్వరంలో తాగించే బార్లీ నీళ్ళూ పనికిరావు. బిస్కెట్టు, బన్ను, నూడుల్స్, బీరు, సోయా సాస్ కూడా ఆ జాబితాలోవే. రాగులు ఆడించే మరలో ముందు గోధుమ ఆడించి ఉంటే, ఆ పిండి దీనిలో కలుస్తుంది. మర శుభ్రం చేయించి ఆడించుకోవాలి. ప్యాకెట్టు మీద గ్లూటెన్ లేదని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకూడదని మన ఆహార భద్రతా సంస్థ నియమం పెట్టింది.

ఇంత అరుదైన జబ్బు గురించి ఇంతసేపు ఎందుకని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. మన వైపు అరుదైనదే. ఫిన్లండ్‌లో 2011లో వేసిన లెక్కలో లక్షమందిలో సుమారు 75 మందికి డూరింగ్ జబ్బు ఉంది. మన దక్షిణాదిలో ఒక చర్మవైద్యుడు ఏళ్ళ తరబడి ఒక్కటీ చూడకపోవచ్చు. కాని ఎందుకు అరుదు? మన రక్తంలో ఆ జన్యువులు లేక కాదు. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో పనిచేసిన బి. ఎస్. రామకృష్ణ, ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుడు గోవింద్ మఖారియా మొదలైనవారు 23 వేల పైచిలుకు మందిని పరీక్షించి 2016లో అచ్చువేసిన పరిశోధన ఈ విషయం తేల్చింది. సీలియాక్‌కు దారితీసే జన్యువులు ఉత్తరాదిలో నూటికి 38 మందికి ఉంటే దక్షిణాదిలో 36 మందికి ఉన్నాయి, దాదాపు సమానం. సీలియాక్ జబ్బు మాత్రం ఉత్తరాదిలో వెయ్యికి 8.53, దక్షిణాదిలో 0.11. తేడా ఎక్కడుంది? ఉత్తరాదిలో మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటున్నాడు, దక్షిణాదిలో 25 గ్రాములు. జన్యువు ఉన్నా తిండి లేక జబ్బు నిద్రపోతోంది.

ఆ 25 గ్రాములు అలాగే ఉంటాయా? చుట్టూ చూడండి. షుగరు వచ్చిందని రాత్రి అన్నం మాని చపాతీకి మారిన ఇళ్ళు ఎన్ని? బడికి డబ్బాలో నూడుల్స్ కట్టించుకునే పిల్లలు ఎన్ని? గుడియాత్తం బస్టాండులో రాత్రి పదింటికి పరోటా పెనం ఎంత వేడిగా ఉంటుంది? అన్నం తినేవాళ్ళందరూ గోధుమ మానాలని నేను అనడం లేదు. జబ్బు లేనివాళ్ళకు గోధుమ మంచి ఆహారమే. నేను అనేదల్లా, గోధుమ పెరిగే కొద్దీ ఈ జబ్బు మన వైపుకూ రావచ్చు, వచ్చినప్పుడు గుర్తుపట్టే కళ్ళు ముందే సిద్ధంగా ఉండాలి అని. ఈ జిల్లాలో 1960లలో ఊళ్ళకు ఊళ్ళు స్ప్రూ బారిన పడినప్పుడు, వేలూరు నుంచి బేకర్, మాథన్ వంటి వైద్యులు పేగు బయాప్సీ పరికరాలతో పల్లెలకు వచ్చి జబ్బును అక్కడే చదివారు. ఆ స్ప్రూకు గ్లూటెన్‌తో సంబంధం లేదు గాని, పేగు లోపల చూషకాలు అరగడం ఒకేలా ఉంటుంది. అలాంటి పని చేసిన నేల ఇది. పేగునూ కుష్ఠునూ ఇంత శ్రద్ధగా చూసిన ప్రాంతంలో, ఒక దురద రోగం పదేళ్ళు గజ్జిగా చలామణీ కావడం మనకు తగదు.

చివరగా ఇక్కడున్నవాళ్ళందరికీ నా విన్నపం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసే డాక్టరు తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ: మూడు నెలలకు మించిన దురద రోగి వస్తే మోచేతులు, మోకాళ్ళు, పిరుదులు, వేలికొసలు నాలుగూ చూడకుండా చీటీ రాయకండి. అనుమానం వస్తే బయాప్సీకి వేలూరు పంపండి, పక్కనున్న మంచి చర్మం నుంచి ముక్క తియ్యమని రాసి పంపండి. మందుల అంగడి పెద్దలకు: పేరు తెలియని దురదకు మూడు మందులు కలిపిన ట్యూబు అమ్మకండి. డాప్సోన్ అడిగితే జీ6పీడీ చూపించారా అని ఒక్క మాట అడగండి. ఇంట్లో వాళ్ళకు: డాప్సోన్ వాడుతున్న మనిషి కంచం వేరుచేయకండి, వాళ్ళ కోసం పొయ్యి మీద సంగటి పెట్టండి. కనుమ అవతల పలమనేరు వైపు ఉన్న మీ బంధువుల్లో ఎవరైనా ఏళ్ళ తరబడి మోచేతులు గోక్కుంటూ ఉంటే, ఈ మాటలు వాళ్ళకు చెప్పండి. గోధుమ మానకముందే పరీక్ష చేయించుకొమ్మనండి.